వెబ్‌సైట్‌లో ఫొటోలు: ఫైల్ సైజు, క్వాలిటీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఫొటో బరువు తగ్గించాలనగానే చాలామంది చెయ్యి నేరుగా క్వాలిటీ స్లైడర్ మీదికి వెళ్తుంది. నిజానికి దాన్ని అన్నిటికన్నా చివర ముట్టుకోవాలి. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: ఫొటో పేజీలో ఎంత వెడల్పున కనిపిస్తుంది, అందులో ఏముంది. కింది ప్రశ్నలన్నీ వరసగా చదవనక్కర్లేదు కానీ, మొదటి రెండూ మాత్రం దాటెయ్యకండి.

క్వాలిటీ 60కి దించినా ఫొటో ఇంకా ఎంబీ పైనే ఉంది. ఎక్కడ తప్పుతోంది?

కొలతలు తగ్గించకుండా క్వాలిటీ తగ్గిస్తున్నారు. 12 మెగాపిక్సెల్ కెమెరా నుంచి వచ్చే ఫొటో 4000 × 3000 పిక్సెళ్లు, అంటే కోటీ 20 లక్షలు. అది మీ పేజీలో 800 పిక్సెళ్ల వెడల్పున కనిపిస్తుందనుకుందాం. 800 × 600 అంటే 4 లక్షల 80 వేలు. కనిపించేదానికి 25 రెట్లు పంపిస్తున్నారన్నమాట. బ్రౌజర్ పాపం ఆ మొత్తాన్నీ దించుకుని, విప్పి, మళ్లీ చిన్నది చేసి చూపిస్తుంది.

క్వాలిటీ తగ్గిస్తే పోయేది కంటికి కనిపించే వివరం. కొలతలు తగ్గిస్తే పోయేది ఎలాగూ కనిపించని వివరం. అందుకే ముందు కొలతలు. వెడల్పు సగం చేస్తే ఎత్తు కూడా సగమై, పిక్సెళ్లు నాలుగో వంతుకు వస్తాయి. ఫైల్ కచ్చితంగా నాలుగో వంతే అవ్వదు. చిన్నది చేసిన ఫొటోలో వివరం దగ్గరదగ్గరగా సర్దుకుంటుంది కాబట్టి ఒక్కో పిక్సెల్‌కు పట్టే బైట్లు కాస్త పెరుగుతాయి. అయినా స్లైడర్‌తో మాత్రమే సాధించగలిగేదానికన్నా లాభం చాలా ఎక్కువ.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. డిస్క్ మీద ఫైల్ ఎంత చిన్నదైనా, తెర మీద చూపించాలంటే దాన్ని మెమరీలో పూర్తిగా విప్పాలి. మామూలు లెక్కలో ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు. 4000 × 3000 ఫొటోను మీరు 300 కేబీకి కుదించినా, విప్పాక అది 48 ఎంబీ అవుతుంది. 1600 × 1200 అయితే 8 ఎంబీ లోపే. ఫొటోలు నిండిన గ్యాలరీ పేజీలు పాత ఫోన్లలో నత్తనడక నడవడానికి నెట్ స్పీడ్‌తో పాటు ఇది కూడా ఒక కారణం.

మరి ఎంత వెడల్పు పెట్టాలి?

ఫొటో పేజీలో గరిష్ఠంగా ఎంత వెడల్పున కనిపిస్తుందో చూసి, దాన్ని రెండుతో గుణించండి. రెండెందుకంటే ఇప్పటి ఫోన్లు, మంచి ల్యాప్‌టాప్‌లు పేజీ లెక్కలోని ఒక్క పిక్సెల్‌ను తెర మీద రెండు లేదా మూడు పిక్సెళ్లతో గీస్తాయి. వ్యాసం వెడల్పు 750 ఉంటే ఫొటో 1500. చిన్న థంబ్‌నెయిల్ 300 ఉంటే 600. తెర నిండా పరుచుకునే బ్యానర్ అయితే 2000 నుంచి 2500 దాకా.

మూడు రెట్లున్న ఫోన్లకు మూడు రెట్ల ఫొటో పంపాలా? నా అభిప్రాయంలో అక్కర్లేదు. అంత చిన్న తెర మీద రెండు రెట్లకూ మూడు రెట్లకూ తేడా పట్టుకోవడం చాలా కష్టం, పిక్సెళ్లు మాత్రం రెండింతలకు మించి పెరుగుతాయి.

వర్డ్‌ప్రెస్ వాడేవారికి ఒక మాట. 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి, 2560 పిక్సెళ్లు దాటిన ఫొటోను అదే ఆ కొలతకు దించి వాడుతుంది. అది గరిష్ఠ హద్దు మాత్రమే. మీ పేజీకి 1500 చాలంటే 1500కే తగ్గించి ఎక్కించండి.

ఫోన్‌కు చిన్న ఫొటో, మానిటర్‌కు పెద్ద ఫొటో వెళ్లేలా చేయొచ్చా?

చేయొచ్చు, చేయాలి కూడా. ఒకే ఫొటోను మూడు నాలుగు వెడల్పుల్లో సేవ్ చేసి (ఉదాహరణకు 480, 800, 1200, 1600), ఇమేజ్ ట్యాగ్‌లోని సోర్స్‌సెట్ (srcset) అనే ఆట్రిబ్యూట్‌లో అన్నిటినీ ఇవ్వండి. ఏది కావాలో బ్రౌజర్ ఎంచుకుంటుంది. దానితో పాటు, పేజీలో ఫొటో ఎంత వెడల్పున ఉంటుందో చెప్పే సైజెస్ (sizes) అనే ఆట్రిబ్యూట్ కూడా రాయాలి. ఈ రెండోది వదిలేసేవాళ్లే ఎక్కువ. సైజెస్ లేకపోతే ఫొటో తెర వెడల్పంతా ఉంటుందని బ్రౌజర్ అనుకుంటుంది. పక్క కాలమ్‌లో 300 పిక్సెళ్లలో కనిపించే ఫొటోకు 1600 పిక్సెళ్ల ఫైల్‌ను దించుకుని కూర్చుంటుంది. సోర్స్‌సెట్ పెట్టి కూడా ఫలితం లేదని వాపోయే చోట ముందు చూడాల్సింది ఇదే.

సరే, ఇక క్వాలిటీ ఎంత పెట్టాలి?

జేపెగ్‌కు 75 నుంచి 82 మధ్య మొదలుపెట్టండి. వెబ్‌పీకి 75, 80. ఏవీఐఎఫ్‌కు 50, 60. (ఈ మూడూ ఫొటో ఫైల్ ఫార్మాట్లు, ఏది ఎంచుకోవాలో కింద ఉంది.) అక్కడి నుంచి ఫొటోను చూస్తూ పైకో కిందికో జరపండి.

ఈ అంకెలు శాతాలు కావని గుర్తుంచుకోవాలి. 80 అంటే 80 శాతం నాణ్యత మిగిలిందని అర్థం కాదు. ఫొటోలోని సమాచారాన్ని ఎంత మోటుగా గుండ్రం చేయాలో చెప్పే మీట అది. దాని గుర్తులు ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోలా ఉంటాయి. ఫొటోషాప్‌లో మామూలుగా సేవ్ చేస్తే 0 నుంచి 12 దాకా ఉంటుంది, వెబ్ ఎక్స్‌పోర్ట్‌లో 100 దాకా. వర్డ్‌ప్రెస్ జేపెగ్‌కు 82 వాడుతుంది. నోడ్ ప్రోగ్రామర్లు ఎక్కువగా వాడే షార్ప్ లైబ్రరీ ఏమీ చెప్పకపోతే జేపెగ్‌కు 80, ఏవీఐఎఫ్‌కు 50 తీసుకుంటుంది. అందుకే "నేను ఎప్పుడూ 70 వాడతాను" అని ఎవరైనా చెబితే, ఏ ఫార్మాట్‌లో, ఏ టూల్‌లో అని అడగండి. ఒక ఫార్మాట్‌లోని 70ని ఇంకో ఫార్మాట్‌లోని 70తో పోల్చడం దండగ.

ఇంకొకటి, లాభనష్టాలు సమానంగా ఉండవు. జేపెగ్‌లో 100 నుంచి 90కి దిగితే ఫైల్ భారీగా తగ్గుతుంది, కంటికి దాదాపు ఏమీ తెలియదు. 90 నుంచి 80కి దిగినా మంచి లాభమే. 60 కిందికి వచ్చేసరికి మిగిలే కేబీలు కొన్నే, పాడయ్యే ముఖాలు మాత్రం ఎక్కువ. 100 దగ్గర సేవ్ చేస్తే ఏమీ పోదనుకోవడం కూడా పొరపాటే. రంగులను మార్చేటప్పుడు, అంకెలను గుండ్రం చేసేటప్పుడు కొంచెం పోతుంది. వెబ్ కోసం జేపెగ్ 100 వాడటానికి నాకైతే ఒక్క కారణమూ కనిపించదు.

క్వాలిటీ తగ్గిస్తే గళ్లు, చారలు ఎందుకు వస్తాయి? లోపల ఏం జరుగుతుంది?

ఇది కాస్త తెలిస్తే ఏ ఫొటో ఎక్కడ చెడిపోతుందో ముందే ఊహించవచ్చు కాబట్టి ఓపికగా చదవండి.

జేపెగ్ మొదట ఫొటోను వెలుగు, రంగు అని విడదీస్తుంది. మన కన్ను వెలుగులోని తేడాలను పట్టుకున్నంత బాగా రంగులోని సన్నని తేడాలను పట్టుకోలేదు. ఆ బలహీనతను వాడుకుని రంగు సమాచారాన్ని నిలువుగా, అడ్డంగా సగానికి తగ్గించేస్తారు. సెట్టింగ్స్‌లో 4:2:0 అని కనిపించేది ఇదే. 4:4:4 అంటే రంగును తగ్గించలేదని.

తర్వాత ఫొటోను 8 × 8 పిక్సెళ్ల గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలోని 64 విలువలను డీసీటీ అనే గణితంతో వేరే 64 విలువలుగా మారుస్తుంది. కొత్త విలువల్లో మొదటిది గడి సగటు వెలుగు, మిగతావి అందులో ఎంత మెల్లగా, ఎంత వేగంగా మార్పులున్నాయో చెప్పేవి. ఈ డీసీటీని నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు 1974లో ఒక పరిశోధన పత్రంలో ప్రకటించారు. జేపెగ్ ప్రమాణం 1992లో ఖాయమైంది. ముప్పయ్యేళ్లు దాటినా వెబ్ ఫొటోల్లో పెద్ద భాగం ఈ లెక్క మీదే నడుస్తోంది.

నష్టం జరిగేది ప్రధానంగా దీని తర్వాతి మెట్టులో. ఆ 64 విలువల్ని ఒక పట్టికలోని అంకెలతో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి గుండ్రం చేస్తారు. వేగంగా మారే వివరాలకు పెద్ద భాజకాలు ఉంటాయి కాబట్టి వాటిలో చాలా వరకు సున్నా అయిపోతాయి. వరసగా వచ్చే సున్నాలను చాలా తక్కువ చోటులో రాసెయ్యొచ్చు. మీరు జరిపే క్వాలిటీ స్లైడర్ ఈ పట్టికను మారుస్తుంది, అంతే. విస్తారంగా వాడే లిబ్‌జేపెగ్‌లో 50 అంటే ప్రమాణంలో ఉదాహరణగా ఇచ్చిన పట్టికే ఉన్నదున్నట్టుగా.

ఇప్పుడు లోపాలు ఎక్కణ్నుంచి వస్తాయో తెలిసిపోతుంది. గడిలోని సన్న వివరాలన్నీ సున్నా అయితే గడి మొత్తం ఒకే రంగు ముద్దగా మిగిలి, పక్క గడితో అతుకు కనిపిస్తుంది. అవే గళ్లు. అక్షరాల అంచులాంటి పదునైన గీత ఉన్న గడిలో వేగపు విలువలు కొన్ని పోయి కొన్ని మిగిలితే, గీత చుట్టూ దోమలు ముసిరినట్టు మరకలు వస్తాయి. ఆకాశంలో వెలుగు చాలా మెల్లగా మారే చోట గుండ్రం చేయడం వల్ల మెట్లుమెట్లుగా చారలు పడతాయి.

రెండు ఫొటోలకూ ఒకే కొలత, ఒకే క్వాలిటీ. ఒకటి 90 కేబీ, ఇంకోటి 400 కేబీ. ఎందుకు?

అందులో ఉన్నదాన్ని బట్టి. వెనక మసకగా వదిలేసి ముఖం మీద ఫోకస్ చేసిన ఫొటోలో చాలా గళ్లు దాదాపు ఖాళీ. ఆకులు, ఇసుక, గడ్డి, జుట్టు, జనసందోహం ఉన్న ఫొటోలో ప్రతి గడీ నిండుగా ఉంటుంది.

తక్కువ వెలుతురులో తీసిన ఫొటో అన్నిటికన్నా మొండిది. నీడల్లో చుక్కలు చుక్కలుగా కనిపించే నాయిస్ ఉంటుంది చూశారా, ఎన్‌కోడర్ (ఫొటోను కుదించే సాఫ్ట్‌వేర్) దాన్ని కూడా వివరం అనుకుని బైట్లు ఖర్చు పెడుతుంది. ఎవరికీ అక్కర్లేని చుక్కల కోసం ఫైల్ పెరుగుతుంది, అసలు వివరానికి మిగలాల్సిన బైట్లు తగ్గుతాయి. ఇలాంటి ఫొటోకు కుదించే ముందే కొంచెం నాయిస్ తగ్గించండి. క్వాలిటీ పది అంకెలు తగ్గించడం కన్నా ఇది మేలు. మరీ ఎక్కువ చేస్తే మనుషులు మైనపు బొమ్మల్లా తయారవుతారు, అక్కడ చెయ్యి ఆపాలి.

"ప్రతి ఫొటో 100 కేబీ లోపే ఉండాలి" అన్నారు. ఇది పాటించాలా?

పైన చెప్పినదాన్ని బట్టే ఇది అన్ని ఫొటోలకూ సరిపోదని తెలుస్తుంది. మసక నేపథ్యం ఉన్న ఫొటోకు 100 కేబీ కూడా ఎక్కువే. అడవి ఫొటోకు అదే 100 కేబీ ఘోరంగా ఉంటుంది. దానికన్నా పేజీ మొత్తానికి ఒక బడ్జెట్ పెట్టుకుని, బరువైన ఫొటోకు ఎక్కువ, తేలికైనదానికి తక్కువ పంచడం మంచిది. వస్తువును దగ్గరగా చూసి ఎంచుకోవాల్సిన పేజీలో ప్రధాన ఫొటోకు ధారాళంగా ఇవ్వండి. అలంకారానికి పెట్టిన నేపథ్యపు ఫొటో దగ్గర పిసినారితనం చూపించండి.

ఆన్‌లైన్ దరఖాస్తుల్లో "50 కేబీ లోపు" అని అడిగితే మాత్రం వాదన కుదరదు. అక్కడ కూడా ముందు కొలతలు తగ్గించండి, తర్వాతే క్వాలిటీ.

ఎర్రని అక్షరాలు, ఎర్రని బట్టల అంచులు మాత్రమే మసకబారుతున్నాయి. మిగతాదంతా బాగుంది.

4:2:0 పని ఇది. రంగు సమాచారం నాలుగో వంతుకు తగ్గింది కదా. ముదురు నేపథ్యం మీద ఎర్రని గీత ఉంటే దాని ఆకారం చాలావరకు రంగులోనే ఉంటుంది, వెలుగు తేడా తక్కువ. దాంతో అంచు కారిపోయినట్టు కనిపిస్తుంది. జేపెగ్ సెట్టింగ్స్‌లో 4:4:4 ఎంచుకోండి. ఫైల్ కొంత పెరుగుతుంది, అవసరమైతే క్వాలిటీ రెండు మూడు అంకెలు తగ్గించి సర్దుకోవచ్చు. సమాచారం వదిలేసే మామూలు వెబ్‌పీలో ఈ అవకాశం లేదు, అది ఎప్పుడూ 4:2:0. ఏవీఐఎఫ్‌లో ఉంది.

జేపెగ్, వెబ్‌పీ, ఏవీఐఎఫ్. ఏది ఎంచుకోవాలి?

సైట్ మీ చేతిలో ఉండి, కాస్త కోడ్ మార్చగలిగితే మూడూ. పిక్చర్ ట్యాగ్‌లో మొదట ఏవీఐఎఫ్, తర్వాత వెబ్‌పీ, చివర మామూలు ఇమేజ్ ట్యాగ్‌లో జేపెగ్. పైనుంచి చూసుకుంటూ వచ్చి, తనకు అర్థమయ్యే మొదటిదాన్ని బ్రౌజర్ తీసుకుంటుంది. ఒక్కటే పెట్టగలనంటే ఇవాళ్టికి వెబ్‌పీ.

వెబ్‌పీని గూగుల్ 2010లో తెచ్చింది. వీడియోలను కుదించే వీపీ8 అనే కోడెక్‌లో ఒక్క ఫ్రేమ్‌ను కుదించే పద్ధతే దీనికి ఆధారం. 2020లో సఫారీ 14తో యాపిల్ కూడా ఒప్పుకున్నాక ఇక పెద్ద బ్రౌజర్లన్నిటిలోనూ నడుస్తోంది. జేపెగ్ కన్నా 25 నుంచి 34 శాతం చిన్నదని గూగుల్ చెబుతుంది. ఆ పోలిక మామూలు జేపెగ్‌తో. మొజిల్లా 2014లో మొదలుపెట్టిన మోజ్‌జేపెగ్ అనే జేపెగ్ ఎన్‌కోడర్‌తో కుదిస్తే ఆ తేడా బాగా తగ్గుతుంది. ఆకులు, బట్టల నేతలాంటి సన్న వివరాన్ని వెబ్‌పీ కొంచెం తుడిచేసినట్టు చేస్తుంది, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక వైపు 16,383 పిక్సెళ్లు దాటకూడదన్న హద్దు కూడా ఉంది. మామూలు ఫొటోలకు అడ్డు రాదు కానీ పొడవాటి ఇన్ఫోగ్రాఫిక్స్ చేసేవాళ్లకు తగులుతుంది.

ఏవీఐఎఫ్ 2019లో వచ్చింది, ఏవీ1 అనే వీడియో కోడెక్ నుంచి. క్రోమ్‌లో 2020 నుంచి, ఫైర్‌ఫాక్స్‌లో 2021 నుంచి, సఫారీలో 2022 నుంచి, ఎడ్జ్‌లో 2024 నుంచి పనిచేస్తోంది. బాగా తక్కువ బైట్లలో దీన్ని మించినది వీటిలో లేదు. జేపెగ్ గళ్లుగా విరిగిపోయే చోట ఇది మెత్తగా, నున్నగా మారుతుంది. ఆ నునుపే దీని మోసం కూడా. చూడగానే బాగున్నట్టు ఉంటుంది, ఒరిజినల్ పక్కన పెడితే చర్మం మీద గీతలు, గోడ మీద గరుకుతనం ఎగిరిపోయి ఉంటాయి. ఎన్‌కోడ్ చేయడానికి టైమ్ కూడా ఎక్కువే. వందల ఫొటోలను అప్పటికప్పుడు మార్చే సర్వర్ ఉంటే ఆ భారం తెలుస్తుంది.

జేపెగ్ ఎక్స్ఎల్ సంగతేంటి?

సాంకేతికంగా చాలా మంచిది. పాత జేపెగ్‌ను ఒక్క పిక్సెల్ కూడా మారకుండా సుమారు 20 శాతం చిన్నది చేసి, కావాలంటే మళ్లీ అదే జేపెగ్‌ను తిరిగి ఇవ్వగలదు. సఫారీ 17 నుంచి చూపిస్తుంది. క్రోమ్ ప్రయోగంగా పెట్టినదాన్ని తీసేస్తున్నట్టు 2022లో ప్రకటించాక దీని ప్రయాణం కుంటుపడింది. వాడితే పిక్చర్ ట్యాగ్‌లో అదనపు వరసగా మాత్రమే వాడండి.

పీఎన్‌జీలో ఏమీ పోదు కదా, ఫొటోలకు కూడా అదే వాడితే?

ఫైల్ జేపెగ్ కన్నా చాలా రెట్లు పెరుగుతుంది, చూసేవారికి తేడా తెలియదు. పీఎన్‌జీ ఒకేలా ఉన్న పిక్సెళ్లు మళ్లీమళ్లీ వచ్చే బొమ్మల కోసం పుట్టింది: స్క్రీన్‌షాట్లు, లోగోలు, చార్టులు. ఫొటోలో పక్కపక్క పిక్సెళ్లు అచ్చంగా ఒకేలా ఉండటం అరుదు.

అదే స్క్రీన్‌షాట్‌ను జేపెగ్‌లో పెడితే అక్షరాల చుట్టూ మరకలు వస్తాయి, ఫైల్ కూడా చాలాసార్లు పెద్దదే అవుతుంది. స్క్రీన్‌షాట్లకు పీఎన్‌జీ గానీ, ఏమీ పోగొట్టని రకం వెబ్‌పీ గానీ వాడండి. రంగులు తక్కువున్న బొమ్మ అయితే పీఎన్‌జీక్వాంట్ అనే టూల్ దాన్ని 256 రంగులకు కుదిస్తుంది, ఫైల్ సగానికన్నా తగ్గిపోవడం మామూలే. లోగో గీతలతో వేసినదైతే ఎస్‌వీజీ (పిక్సెళ్లకు బదులు గీతలనే దాచే ఫార్మాట్).

ఐఫోన్ ఫొటో అప్‌లోడ్ చేస్తే కొందరికి కనిపించడం లేదు.

అది హెచ్ఈఐసీ ఫైల్ అయ్యుంటుంది. 2017లో ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు ఈ రూపంలో దాస్తున్నాయి. సఫారీ కొత్త వెర్షన్లు తప్ప క్రోమ్, ఫైర్‌ఫాక్స్ దీన్ని చూపించవు. జేపెగ్‌గానో వెబ్‌పీగానో మార్చి పెట్టండి.

ఇప్పటికే కుదించిన ఫొటోను మళ్లీ కుదించవచ్చా?

జిరాక్స్‌కు జిరాక్స్ తీసినట్టే ఉంటుంది. తెరిచి, కొంచెం క్రాప్ చేసి, మళ్లీ జేపెగ్‌గా సేవ్ చేసిన ప్రతిసారీ పాత లోపాల మీద కొత్త లోపాలు చేరతాయి. క్రాప్ వల్ల గళ్ల హద్దులు జరిగితే నష్టం ఇంకా ఎక్కువ. పాత జేపెగ్‌ల నుంచి వెబ్‌పీ చేయడం కూడా రెండోసారి కుదించడమే. ఎన్‌కోడర్ పాత గళ్ల అతుకులను కూడా వివరమనుకుని జాగ్రత్తగా దాచిపెడుతుంది. జేపెగ్‌ను పీఎన్‌జీగా మార్చితే పోయిన నాణ్యత తిరిగి రాదు, ఫైల్ మాత్రం ఉబ్బుతుంది.

వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటో కూడా అప్పటికే కుదించినదే. ఎవరైనా మీ సైట్ కోసం ఫొటో పంపుతుంటే డాక్యుమెంట్‌గా పంపమనండి.

నిలువు ఫొటోను అడ్డంగా తిప్పడం లాంటి పనులకు జేపెగ్‌ట్రాన్ అనే టూల్ ఉంది. అది డీసీటీ విలువలనే అటూ ఇటూ జరుపుతుంది, మళ్లీ కుదించదు. కొలతలు గడి సైజుకు సరిగ్గా సరిపోతే ఏమీ నష్టపోకుండా పని అయిపోతుంది.

క్వాలిటీ సరిపోయిందో లేదో ఎలా చూడాలి?

పేజీలో కనిపించే సైజులోనే చూడండి. 300 శాతానికి పెద్దది చేసి చూస్తే ప్రతి ఫొటో చెడిపోయినట్టే ఉంటుంది. మీ పాఠకులు ఎవరూ అలా చూడరు. పెద్దది చేయడం ఎక్కడ లోపం ఉందో వెతకడానికి పనికొస్తుంది, తీర్పు చెప్పడానికి పనికిరాదు.

రెండు వెర్షన్లను పక్కపక్కన పెట్టి పోల్చడం కన్నా, ఒకే చోట ఒకదాని మీద ఒకటి మార్చి మార్చి చూడటం మంచిది. మార్చిన క్షణంలో తేడా ఉన్న చోటు కదిలినట్టు కనిపిస్తుంది. గూగుల్ క్రోమ్ బృందం చేసిన స్క్వూష్‌లో మధ్య గీతను అటూ ఇటూ లాగుతూ ఇది చూడొచ్చు.

ఎక్కడెక్కడ చూడాలంటే: ముఖాల్లో కళ్లు, జుట్టు మొదళ్లు. ఆకాశం, సాదా గోడల మీద చారలు. ఫొటోలో బోర్డుల మీది అక్షరాల అంచులు. నీడల్లో, ముఖ్యంగా నల్లని బట్టల్లో. ఈ చివరిది మామూలు మానిటర్ మీద తెలియదు. ఫోన్‌లో బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి చూస్తే గళ్లు బయటపడతాయి. ఇవన్నీ బాగుండి, మూలన ఉన్న గడ్డి కాస్త మెత్తబడితే వదిలెయ్యండి.

వేల ఫొటోలుంటే కంటితో కుదరదు, కొలమానాలు కావాలి. పీఎస్‌ఎన్‌ఆర్ పాతది, పిక్సెల్ తేడాలను లెక్కపెడుతుందే తప్ప కంటి తీరును పట్టించుకోదు. 2004లో వచ్చిన ఎస్‌సిమ్ కొంత నయం. బటరాగ్లీ, సిములాక్రా 2 లాంటివి మనిషి చూపుకు ఇంకా దగ్గరగా ఉంటాయి. వీటితో ప్రతి ఫొటోకూ ఒకే స్కోరు వచ్చేదాకా క్వాలిటీని వెతికేలా స్క్రిప్ట్ రాసుకోవచ్చు. అన్నిటికీ ఒకే క్వాలిటీ అంకె పెట్టడం కన్నా ఇది ఎంతో తెలివైన పని.

కొలతలు తగ్గించాక ఫొటో కొంచెం మెత్తగా, పదును లేనట్టు ఉంది.

చిన్నది చేశాక కొద్దిగా షార్పెన్ చేయండి. చిన్నది చేయకముందు చేస్తే పెద్దగా ఉపయోగం లేదు. చిన్నది చేసేటప్పుడు పద్ధతి అడిగితే లాంజోస్ ఎంచుకోండి. షార్పెన్ ఎక్కువైతే అంచుల చుట్టూ తెల్లని గీత వస్తుంది, పైగా ఫైల్ కూడా పెరుగుతుంది.

72 డీపీఐ పెట్టాలా?

అక్కర్లేదు. అది ప్రింటింగ్ కోసం ఫైల్‌లో రాసిపెట్టే ఒక అంకె. 72 పెట్టినా 300 పెట్టినా, పిక్సెళ్లు మారనంత వరకు వెబ్‌లో ఫొటో అదే, ఫైల్ సైజు అదే.

మెటాడేటా తీసేస్తే ఏమైనా నష్టమా?

చాలావరకు లాభమే, ముఖ్యంగా గోప్యత విషయంలో. ఫోన్ ఫొటోలోని ఎగ్జిఫ్ సమాచారంలో ఎక్కడ తీశారో జీపీఎస్‌తో సహా ఉండొచ్చు. ఇంట్లో తీసిన ఫొటో అలాగే పెట్టేస్తే ఇంటి అడ్రస్ పెట్టేసినట్టే.

రెండు జాగ్రత్తలు. ఒకటి, ఫొటో నిలువా అడ్డమా అని చెప్పే గుర్తు కూడా ఎగ్జిఫ్‌లోనే ఉంటుంది. పిక్సెళ్లను నిజంగా తిప్పకుండా ఆ గుర్తు తీసేస్తే ఫొటో పక్కకు పడుకుంటుంది. రెండోది రంగుల ప్రొఫైల్. ఐఫోన్ల లాంటి కొన్ని ఫోన్లు డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల్లో తీస్తాయి. ఆ ప్రొఫైల్‌ను ఊరికే తీసేస్తే బ్రౌజర్ దాన్ని వెబ్‌లో మామూలుగా వాడే ఎస్ఆర్‌జీబీ అనుకుని రంగులు వెలిసిపోయినట్టు చూపిస్తుంది. ముందు ఎస్ఆర్‌జీబీకి మార్చి, తర్వాత తీసేయండి. ఫొటోగ్రాఫర్ పేరు, కాపీరైట్ వివరాలున్న భాగాన్ని మాత్రం ఉంచడం మర్యాద.

ప్రోగ్రెసివ్ జేపెగ్ మేలా?

అవును. ముందు మసకగా మొత్తం ఫొటో, తర్వాత వివరం. మామూలు రకం పైనుంచి కిందికి వరసలు వరసలుగా వస్తుంది. మరీ చిన్న థంబ్‌నెయిల్స్ తప్పిస్తే ఫైల్ కూడా సాధారణంగా కొంచెం తక్కువే. మోజ్‌జేపెగ్ అడగకుండానే ఇలా చేస్తుంది.

ఏ టూల్ వాడాలి?

ఒకటీ అరా ఫొటోలకు స్క్వూష్. ఫొటో సర్వర్‌కు వెళ్లదు, మీ బ్రౌజర్‌లోనే పని జరుగుతుంది. ఇది చిన్న విషయం కాదు. ఊరూ పేరూ తెలియని ఉచిత కంప్రెషన్ సైట్లకు గుర్తింపు కార్డులు, పిల్లల ఫొటోలు అప్‌లోడ్ చేయకండి. మ్యాక్‌లో ఇమేజ్ఆప్టిమ్ ఉంది, ఫొటో ఎడిట్ కూడా చేయాలంటే జింప్ ఉంది. ఫోల్డర్లకు ఫోల్డర్లు ఉంటే ఇమేజ్‌మ్యాజిక్ గానీ షార్ప్ గానీ నేర్చుకోండి, రెండు లైన్ల కమాండ్‌తో అయిపోతుంది. పెద్ద సైట్‌కు ఇమేజ్ సీడీఎన్ (ఫొటోలను మార్చి అందించే సర్వర్ల సేవ) అన్నిటికన్నా సుఖం. బ్రౌజర్‌ను చూసి ఫార్మాట్, తెరను చూసి కొలత అదే ఇస్తుంది.

సర్వర్‌లో జీజిప్ కంప్రెషన్ ఆన్ చేస్తే ఫొటోలు కూడా తగ్గుతాయా?

తగ్గవు. జేపెగ్, వెబ్‌పీ అప్పటికే పిండేసినవి, సర్వర్‌కు ఊరికే పని పెరుగుతుంది. ఎస్‌వీజీ టెక్స్ట్ ఫైల్ కాబట్టి దానికి మాత్రం ఆన్ చేయండి.

ఫొటోలన్నీ తగ్గించాను. పేజీ స్పీడ్ స్కోరు ఇంకా ఎర్రగానే ఉంది.

టెన్షన్ పడి క్వాలిటీ ఇంకా తగ్గించకండి. స్కోరులో ముఖ్యమైన ఎల్‌సీపీ, పేజీలో అతిపెద్ద వస్తువు ఎప్పుడు కనిపించిందో కొలుస్తుంది. 2.5 సెకన్ల లోపు ఉంటే మంచిది. ఆ వస్తువు చాలాసార్లు పైనున్న పెద్ద ఫొటోనే. దానికి కూడా లేజీ లోడింగ్ (అవసరమైనప్పుడే ఫొటోను దించుకోవడం) పెట్టేసి ఉంటే బ్రౌజర్ కావాలనే ఆలస్యంగా మొదలుపెడుతుంది. పైనున్న ఫొటోకు లేజీ తీసేసి, ఫెచ్ ప్రయారిటీని హై అని పెట్టండి. స్క్రోల్ చేస్తే గానీ కనిపించని ఫొటోలకే లేజీ. ఆ పెద్ద ఫొటోను సీఎస్ఎస్ బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టి ఉంటే, స్టైల్ ఫైల్ చదివేదాకా బ్రౌజర్‌కు అది ఉందనే తెలియదు. ఇమేజ్ ట్యాగ్‌లోకి మార్చండి.

ప్రతి ఇమేజ్ ట్యాగ్‌లో వెడల్పు, ఎత్తు రాయండి. రాయకపోతే ఫొటో వచ్చినప్పుడల్లా కింది అక్షరాలు ఎగిరిపడతాయి, అది సీఎల్ఎస్ అనే వేరే లెక్కలో మైనస్ అవుతుంది.

ఒరిజినల్స్ దాచాలా? సైట్‌లో చిన్నవి ఉన్నాయి కదా.

దాచాలి, కెమెరా ఇచ్చినవి ఇచ్చినట్టే, సైట్ ఫోల్డర్‌లో కాకుండా వేరే చోట. రేపు డిజైన్ మారి కాలమ్ వెడల్పు పెరిగినా, కొత్త ఫార్మాట్ వచ్చినా మళ్లీ వాటి నుంచే చేయాలి.

మంచి క్వాలిటీతో మళ్లీ ఎక్కించాను. నాకు ఇంకా పాత ఫొటోనే కనిపిస్తోంది.

ఫైల్ పేరు మార్చలేదు కాబట్టి బ్రౌజర్ లేదా సీడీఎన్ తన దగ్గర దాచుకున్న పాతదాన్నే చూపిస్తోంది. మీ బ్రౌజర్‌లో కాష్ తుడిచినా ఇతరుల దగ్గర పాతదే ఉంటుంది. కొత్త పేరుతో ఎక్కించి, పేజీలో లింక్ మార్చండి.